సహనమూర్తి మేనమామ

నేను ఎక్కువ మాట్లాడను. ఆ ఒక్క గుణం చూసి పెద్దాసుపత్రి వారు నన్ను ఒక బొమ్మకు మేనమామను చేశారు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బావ నొప్పి సంగతి చెప్పాలి. మా బావ పేరు అంకయ్య. మా అక్క మొగుడు. తాటికల్లు ఆయనకు మజ్జిగతో సమానం. ఎండలు ముదిరే వేళకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. పొద్దు వాలితే చలి, జ్వరం. అన్నం సయించదు. మా ఊరి ఆర్‌ఎంపీ సూదులు వేసి వేసి, చివరికి తనే భయపడి, “పెద్దాసుపత్రికి పొండి. ఆడనే డాక్టర్ల కాలేజీ గూడా ఉండాది. ఒకరు గాకపోతే పదిమంది చూస్తారు” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. క్లాసంతా వచ్చి చూసింది. చూడటమే చేసింది.

వార్డులో ప్రతి మంచం చుట్టూ మూరెడు దూరంలో పసుపు గీత గీసి ఉంది. మంచాలు దొరకని వాళ్ళు వరండాలో చాపల మీద ఉంటారు. వాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీశారు. మా బావది సుద్ద గీత. ఆఖరి సంవత్సరం పిల్లలు తెల్లకోట్లతో వచ్చి, గీత బయట నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పొట్ట వైపు చూసేవాళ్ళు. వంగి చూసేవాళ్ళు. ఒకబ్బాయి ఫోటో తీసుకుని, దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

“చెయ్యేసి చూడండయ్యా” అన్నాడు బావ చొక్కా ఎత్తి.

“తాకకూడదు పెద్దాయనా. రూలు.”

“అంటూ ముట్టూ మళ్ళీ వచ్చిందా ఏంది?”

పిల్లలు నవ్వలేదు. నోటీసు బోర్డు చూపించారు. వెళ్ళి చదివాను. “ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రోగి గౌరవ పరిరక్షణలో భాగంగా, నైపుణ్యం ధ్రువీకరించబడని ఏ విద్యార్థియూ ఏ రోగినీ తాకరాదు. నైపుణ్యము రోగిని తాకుట ద్వారా మాత్రమే ధ్రువీకరించబడును.” కింద ప్రిన్సిపాలు డాక్టర్ కోదండపాణి గారి సంతకం. రెండుసార్లు చదివాను. బడిలో నాకు లెక్కలు బాగానే వచ్చేవి. ఇది లెక్క కాదని వచ్చేశాను.

దీని వెనక కథ వార్డు సిస్టరు ఎస్తేరు రాణి చెప్పింది. ఒకప్పుడు ఒక ముసలాయన పొట్టను ఒక్క పూటలో క్లాసంతా వరసగా నొక్కితే, ఆయన కొడుకు పైకి అర్జీ పెట్టుకున్నాడట. న్యాయమే. ఒక పొట్టను పూటకు ఇద్దరు నొక్కండి అని చెబితే సరిపోయేది. అంత చిన్న పని చేయడానికి కాలేజీ వారికి మనసొప్పలేదు.

“పిల్లకాయలు తాక్కపోతే పాయె. పెద్ద డాక్టర్లు తాకొచ్చు గదా?” అన్నాడు బావ.

దానికి సిస్టరు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. పెద్ద డాక్టర్లు పొట్ట మీద చెయ్యి వేసి చాలా కాలమైందట. చెయ్యి వేసి ఏముందో చెప్పడం విద్యార్థుల పని. చెప్పింది తప్పని చెప్పడం పెద్ద డాక్టర్ల పని. ఇప్పుడు విద్యార్థులు ఏమీ చెప్పడం లేదు కాబట్టి తప్పు అనడానికి కూడా ఏమీ లేక పెద్ద డాక్టర్లు తొందరగా ఇళ్ళకు వెళుతున్నారు.

స్కానింగు అడిగాను. చేత్తో పరీక్షించిన రిపోర్టు ఉంటే తప్ప స్కానింగు గది తలుపు తీయరట. జ్వరం చూడటానికి తుపాకీలాంటిది ఒకటి తెచ్చి నుదుటికి గురిపెట్టారు. అది పొద్దున పూట తెస్తారు. బావకు జ్వరం వచ్చేది సాయంత్రం. అందుచేత జ్వరం లేదని రాశారు. గ్యాసుబిళ్ళలు ఇచ్చారు.

మంచం మీదికి చేరితే కొంత మేలని, అక్కడైతే పెద్ద డాక్టరు కాళ్ళవైపైనా నిలబడతాడని సిస్టరు చెప్పింది. పద్నాలుగో మంచం ఖాళీ కాబోతోంది. వరసలో ముందున్నది బావే. ఆ పొద్దున చాప చుట్టి, చెంబూ గ్లాసూ సంచిలో వేసుకుని సిద్ధంగా కూర్చున్నాం.

పద్నాలుగో మంచానికి సహనమూర్తి వచ్చాడు.

అతను లారీలో వచ్చాడు. చెక్కపెట్టె పగలగొడుతుంటే సన్నాయి వాయించారు. కొబ్బరికాయ కొట్టారు. లోపల నిలువెత్తు రబ్బరు బొమ్మ. బావకంటే తెల్లగా ఉన్నాడు. రొమ్ము లేస్తుంది, పడుతుంది. చెవి పెడితే గుండె కొట్టుకుంటుంది. చేతిలో పట్టే మీటల పెట్టె ఒకటుంది. ఒక మీట నొక్కితే గుండెలో గురగుర. ఇంకొకటి నొక్కితే ఊపిరిలో పిల్లికూత. ఇంకొకటి నొక్కితే లివరు వాస్తుంది. చివరిది నొక్కితే ఎడమ డొక్కలో ప్లీహం పెరుగుతుంది. మా వైపు దాన్నే కడుపులో బల్ల అంటారు.

కోదండపాణి గారు మైకు పట్టుకున్నారు. “రోగి అను ఆటంకము లేకుండా రోగ నిర్ధారణ బోధించు దిశగా ఈ సంస్థ వేసిన చరిత్రాత్మక అడుగు ఇది. ఇతడు మూలగడు. విసుక్కోడు. అర్జీలు పెట్టడు. రోగికి ఉండవలసిన ప్రథమ లక్షణం సహనం గనుక, కమిటీ ఇతనికి సహనమూర్తి అని నామకరణం చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించినది.”

మొదట అతన్ని ఒక గదిలో పెడదామనుకున్నారట. కానీ ఆఖరి సంవత్సరం శిక్షణ రోగి మంచం పక్కనే జరగాలని ఇంకో రూలుంది. మంచం కావాలంటే ఆసుపత్రిలో చేరి ఉండాలి. చేరాలంటే కేసు షీటు ఉండాలి. అన్నీ సక్రమంగా చేశారు. నోటీసు బోర్డు మీద ఒక వాక్యం కలిపారు: “పద్నాలుగో మంచం మీది రోగిని మాత్రము తాకవచ్చును.”

ఒక్క చిక్కు మిగిలింది. చేరిన ప్రతి రోగికీ పక్కన ఒక మనిషి ఉండాలి. సొంత మనిషి. మందు తేవడానికీ, సంతకానికీ, అడిగినదానికి జవాబు చెప్పడానికీ. సహనమూర్తికి ఎవరూ లేరు.

సిస్టరు వరండాలోకి వచ్చి మమ్మల్ని చూసింది. వెనకే ప్రిన్సిపాలు గారు.

“ఈయన ఎట్లాంటివాడు?” అన్నారు నన్ను చూపించి.

“మాట్లాడడు సార్” అంది సిస్టరు.

“ఉత్తమం. ఏమయ్యా, ఆ రోగికి సహాయకుడిగా ఉండటానికి నీకు అభ్యంతరమా?”

ఆలోచించాను. మంచం ఉన్న రోగి సహాయకుడికి పాసు ఇస్తారు. పాసు లేకపోతే కాపలావాళ్ళు రోజూ మధ్యాహ్నం కర్రతో తోలుతున్నారు. తల ఊపాను.

సిస్టరు కేసు షీటు తెరిచింది. “రోగితో చుట్టరికం ఏమని రాయను?”

“ఏదో ఒకటి” అన్నాను.

“మేనమామ. మేనమామ అయితే ఎవురూ ఏం అడగరు.”

బావ చాప మీంచి తల ఎత్తాడు. “నిదానం తల్లీ. వీడు మేనమామ అయితే వాడు మా ఆడదాని కొడుకు. అంటే తండ్రిని నేను. నాకు చెప్పా పెట్టకుండా నా నెత్తిన కొడుకును పెడతావేంది?”

“తండ్రి పేరు గడి కూడా ఖాళీగానే ఉందిలే పెద్దాయనా” అని సిస్టరు అంకయ్య అని రాసేసుకుంది.

“ఒరే బామ్మర్దీ, ఈ సంగతి మీ అక్కకు చెప్పమాక. కొంపలు మునుగుతాయి” అన్నాడు బావ. నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు.

అలా నాకు వార్డులో స్టూలు దొరికింది. సహనమూర్తికి వేడి పడదని మంచం పక్కన చల్లగాలి యంత్రం పెట్టారు. అతని కళ్ళు మూతపడవు. నొక్కే పిల్లలకు ఇబ్బందిగా ఉందని మొహం మీద గుడ్డ కప్పారు. పూటపూటకూ పాలూ రొట్టే వచ్చేవి. అతను తినడు. పారేయడం పాపమని నేను తినేవాణ్ణి. ఆకలి బాగుంది అని రాసుకునేవాళ్ళు.

పిల్లలు గుంపులుగా వచ్చి నన్ను అడిగేవాళ్ళు. రోగి మాట్లాడలేకపోతే పక్కవాళ్ళను అడగాలని వాళ్ళ పుస్తకంలో ఉందట.

“నిద్ర బాగా పడుతుందా?”

“కళ్ళు ముయ్యడు.”

“ఎప్పట్నించి?”

“పుట్టినప్పట్నించి.”

“బీడీ, చుట్ట, మందు?”

“ఏం లేవు.”

“మీ బాధ నాకు అర్థమవుతోంది” అనేవాళ్ళు చివర్లో అందరూ. ఆ మాటకు మార్కులున్నాయని తర్వాత తెలిసింది.

వాళ్ళలో రుబీనా అని ఒక అమ్మాయి. మార్కాపురం పిల్ల. నాన్నకు వెల్డింగు షాపు. ఆ అమ్మాయి అడగవలసినవన్నీ అడిగి, కలం మూసి, “బాబాయ్, నిజంగా మీరు ఎవరి కోసం వచ్చారు?” అంది.

వరండా వైపు చూపించాను.

వెళ్ళి సుద్దగీత దగ్గర నిలబడింది. మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు నిలబడింది. బావ ఊపిరి తీస్తున్న తీరు చూసింది. కుడిపక్కకు ఒరగలేకపోవడం చూసింది.

“నీ చేతికేమన్నా జబ్బా తల్లీ?” అన్నాడు బావ.

“లేదు పెద్దాయనా. గీత దాటితే పరీక్షకు రానియ్యరు.”

“అయితే వద్దులే. మీ నాయన ఎంత కష్టపడి చదివిస్తుండాడో.”

మర్నాడు పెద్ద డాక్టరు వరండాలోకి వచ్చినప్పుడు రుబీనా ముందుకెళ్ళి, “సార్, ఈయనకు బాగా లేదు సార్” అంది.

“చేత్తో చూశావా?”

“పర్మిషన్ లేదు సార్.”

“చెయ్యి వెయ్యకుండా బాగాలేదని ఎట్లా చెప్తావు?”

“మీరొకసారి చెయ్యేస్తే...”

“నేను చెయ్యేసి చెప్తే నువ్వు నేర్చుకునేదేముంది?” అని ఆయన వెళ్ళిపోయారు. బావకు గ్యాసుబిళ్ళలు రెట్టింపు చేశారు.

ఆ వారమే సహనమూర్తికి ఆదర్శ రోగి పురస్కారం వచ్చింది. అతని మెడలో దండ వేసి, శాలువా నా చేతికి ఇచ్చారు. “ఇతర రోగులు ఇతని ప్రవర్తనను మార్గదర్శకంగా తీసుకొనవలెను” అన్నారు కోదండపాణి గారు. అప్పటినుంచి వార్డులో ఎవరైనా మూలిగితే కాపలావాళ్ళు పద్నాలుగో మంచం చూపించేవాళ్ళు.

బావ కూడా మూలగడం మానేశాడు. అది నాకు నచ్చలేదు. మాట్లాడటం కూడా తగ్గించాడు. అది నాకు అసలు నచ్చలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. సాయంత్రం వణుకు వస్తే సహనమూర్తి శాలువా కప్పేవాణ్ణి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, “ఒరే, మీ అక్కను రమ్మని ఫోను చెయ్యి” అన్నాడు. చేశాను.

మర్నాడు పొద్దున్నే సిస్టరు దగ్గరికెళ్ళాను.

“రోగి ఇంటికి పోవాలంటే ఎట్టా?”

“డాక్టరు పొమ్మనాలి.”

“అనకపోతే?”

“సొంత మనుషులు తీసుకుపోవచ్చు. వైద్యుల సలహాకు విరుద్ధంగా నా పూచీ మీద తీసుకుపోతున్నానని సంతకం పెట్టి. ఆపే హక్కు ఎవరికీ లేదు.” చెబుతూ చెబుతూ ఆమె ఆగింది. నా వైపు చూసింది. పద్నాలుగో మంచం వైపు చూసింది. కేసు షీటు తీసి, మేనమామ అన్నచోట వేలు పెట్టింది.

సంతకం పెట్టాను.

సహనమూర్తి బస్తా యూరియా అంత బరువున్నాడు. భుజాన వేసుకుని వరండాలోకి తెచ్చాను. బావను లేపి, సహనమూర్తిని ఆ చాప మీద, ఆ సుద్దగీతలోనే పడుకోబెట్టాను. బావ తువ్వాలు కప్పాను.

“ఖాళీ అయిన మంచం ఎవురిది?” అని అడిగాను సిస్టర్ని.

“వరసలో ముందున్నవాళ్ళది. అంకయ్య ఎవరయ్యా?” అని ఆమె తెలియనట్టు పిలిచింది. సహనమూర్తి నీలం గౌను బావకు తొడిగింది. “గౌను మంచానిది. మనిషిది కాదు” అంది. మొహం మీద గుడ్డ కప్పింది. అదీ మంచానిదే.

ఆ రోజు ఆఖరి పరీక్ష. వేరే ఊరినుంచి పరీక్షాధికారి వచ్చారు. పిల్లలు పద్నాలుగో మంచం మీది రోగిని నొక్కి, జబ్బేమిటో చెప్పాలి. ఏం చెప్పాలో వాళ్ళకు ముందే తెలుసు. సహనమూర్తి మీటల్లో మూడు అప్పటికే పాడైపోయాయి. పనిచేసేది బల్ల ఒక్కటే.

“బావా, కాసేపు మాట్లాడమాక” అన్నాను.

“ఎందుకురా?”

“నీ పొట్ట మీద చెయ్యేస్తారు.”

బావ నోరు మూసుకున్నాడు. మా అక్క పెళ్ళినాటి నుంచీ చెయ్యలేని పని అది.

మొదటి అబ్బాయి వచ్చాడు. నేరుగా ఎడమ డొక్కలో వేళ్ళు దించాడు. “ప్లీహం బాగా పెరిగింది సార్” అన్నాడు. పరీక్షాధికారి మెచ్చుకున్నారు. కోదండపాణి గారు తల పంకించారు. రెండో అబ్బాయికి ఇంకొంచెం ఎక్కువ పెరిగింది. తర్వాత అమ్మాయికి దాని అంచు కూడా తగిలింది. ఎవరూ కుడిపక్కకు రాలేదు. ఎడమపక్క నొప్పి లేదు కాబట్టి బావ కదల్లేదు. సహనమూర్తి ఎంత మంచి రోగో బావ అంత మంచి రోగి అయ్యాడు. ఇందరు చేతులు వేశారు. ఒక్క చేతికీ మనిషి తగల్లేదు.

రుబీనా వచ్చింది. బల్లను వెతకాలన్నా కుడినుంచే మొదలుపెట్టాలని పుస్తకంలో ఉందట. ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్నట్టే కుడిపక్క అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“సార్, ఒళ్ళు కాలిపోతోంది.”

“మోటారు వేడెక్కి ఉంటుంది. కొనసాగించు” అన్నారు కోదండపాణి గారు.

రుబీనా నా వైపు చూసింది. నేను తలుపులోంచి వరండా చాప వైపు చూశాను. తనూ చూసింది. తువ్వాలు కింద తెల్లటి రబ్బరు పాదాలు కనబడుతున్నాయి.

అప్పుడు కుడిపక్క ఎముకల సందులో ఒక్క వేలు పెట్టి నొక్కింది.

“అక్కడే తల్లీ! అక్కడే! వామ్మో, అక్కడే!” అని బావ వార్డంతా అదిరేలా అరిచాడు. మొహం మీది గుడ్డ ఎగిరిపడింది.

పరీక్షాధికారి మెచ్చుకోలుగా ముందుకు వంగారు. “ధ్వని చాలా స్పష్టంగా ఉందే. తెలుగులో కూడా వస్తుందా?”

కోదండపాణి గారు ఒక్క క్షణం బావ మొహంలోకి చూశారు. “స్థానిక భాషా సౌకర్యం కలిగిన నమూనా అండీ” అన్నారు.

“నీ నమూనా తగలెయ్య! కొంపదీసి బతికుండగానే బొమ్మను చేస్తారా ఏంది నన్ను?”

“అద్భుతం” అన్నారు పరీక్షాధికారి.

“సార్, ఈయన మనిషి. లివర్లో చీము పట్టినట్టుంది. ఈ పూటే తియ్యాలి” అంది రుబీనా.

ఆయన చేతిలోని కాగితం చూసుకున్నారు. “ఇక్కడ జవాబు ప్లీహం అని ఉంది.”

“ప్లీహం పెరగలేదు సార్.”

“నీకంటే ముందు అందరికీ దొరికింది. నీకొక్కదానికే దొరకలేదంటే లోపం ఎక్కడుందో ఆలోచించుకో. తప్పు జవాబు రాయమంటావా?”

రుబీనా చెయ్యి తియ్యకుండానే “రాసుకోండి సార్” అంది.

అని మంచం చక్రాల తాళం తీసింది. సిస్టరు ఒకవైపు, నేనొకవైపు. చేత్తో పరీక్షించిన రిపోర్టు ఉందా అని స్కానింగు గదివాడు అడిగాడు. రుబీనా తన చెయ్యే చూపించింది. వాడు తలుపు తీశాడు.

సూది గుచ్చి తీస్తే రాగిజావలాంటి చీము, సీసా నిండా. ఒక పూట ఆలస్యమైతే లోపలే పగిలేదని తీసిన డాక్టరు చెప్పాడు. మా అక్క బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బావ ఆమెను చూసి మొదట అన్నమాట, “చింతకాయ పచ్చడి తెచ్చావా?”

రుబీనా పరీక్ష తప్పింది. ప్లీహం దొరికిన వాళ్ళంతా పాసయ్యారు.

తర్వాత విచారణ కమిటీ కూర్చుంది. పద్నాలుగో మంచం మీద ఇకముందు ఇలాంటి గందరగోళం జరగకూడదని, తాకే ముందు అక్కడున్నది మనిషో బొమ్మో నిర్ధారించాలని తీర్మానించారు. ఎలా నిర్ధారించాలి? తాకి. ఎవరు తాకాలి? పెద్ద డాక్టర్లు అది విద్యార్థుల పని అన్నారు. విద్యార్థులు తాకాలంటే వాళ్ళకు నైపుణ్య ధ్రువీకరణ ఉండాలి. మనిషినీ బొమ్మనూ చేత్తో వేరుచేసిన నైపుణ్యం కాలేజీ మొత్తంలో ఎవరికుందని వెతికితే, సాక్షుల ఎదుట, పరీక్షాధికారి సమక్షంలో ఆ పని చేసింది ఒక్కరే తేలారు. ఆమె తప్పింది. తప్పినవాళ్ళను నియమించడం నిబంధనలకు విరుద్ధం. అందుచేత కమిటీ ఆమెను పాస్ చేసింది. “ఇది సంస్థ అవసరముల దృష్ట్యా తీసుకున్న నిర్ణయమే గాని, కాలేయము విషయమున అభ్యర్థిని చెప్పినది సరియని అంగీకరించుట కాదు” అని కింద రాశారు.

ఆ రోజునుంచి రుబీనా తాకి చూసి మనిషి అని చెబితే, ఆ మనిషిని ఇతర పిల్లలు కూడా పూటకు ఇద్దరు చొప్పున చెయ్యేసి చూడవచ్చు. వార్డులో చాలామంది మనుషులుగా తేలారు.

మమ్మల్ని ఇంటికి పొమ్మన్న రోజు రుబీనా వచ్చి బావ డొక్కలో మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. నొప్పి ఉందా అంది. లేదని చెప్పి, బావ ఇంకాసేపు చెయ్యి అలాగే ఉంచమన్నాడు. అక్క ఆయన్ని కసిరింది.

బయటికొస్తుంటే వరండాలో సహనమూర్తి ఆ చాప మీదే ఉన్నాడు. ఇంటికి తీసుకుపోయినట్టు సంతకం ఉంది కాబట్టి మళ్ళీ చేర్చుకోవాలంటే వరసలో ఉండాలట. వరస పెద్దది. ఇన్నాళ్ళూ పిల్లలు సుద్దగీత బయట నిలబడి చూసి పోతున్నారు. పెద్ద డాక్టరు నిలబడి చూసి పోతున్నారు. తలగడ పక్కన గ్యాసుబిళ్ళలు కుప్పగా ఉన్నాయి.

బావ ఆగాడు. సంచి నాకిచ్చి, మోకాళ్ళ మీద మెల్లగా కూర్చుని, సుద్దగీత లోపలికి వంగి, సహనమూర్తి పొట్ట మీద అరచెయ్యి పెట్టాడు. కుడిపక్క. కాసేపు ఉంచాడు.

“ఎవరది?” అంది అక్క.

బావ నా వైపు చూశాడు. నేను సంచి భుజాన వేసుకున్నాను.

“తెలిసినోళ్ళ పిల్లోడు” అన్నాడు బావ. తువ్వాలు సర్దాడు. “చల్లగానే ఉండాడు. పాపం, ఎవురూ చెయ్యేసి చూసినట్టు లేదు. పదండి, బస్సు పోతది.”